కాలువ గట్టు మీద సైకిలు

మండపేట చుట్టుపక్కల కొండ లేదు. ఎటు చూసినా వరి చేలు. కొబ్బరి చెట్లు. కాలువలు. నేలంతా అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. అలాంటి చోట కూడా కొండల మీద తొక్కే సైకిళ్ళు అమ్ముతున్నారు. సైకిలు కొట్టు ముందు అవే వరసగా నిలబడి ఉంటాయి. లావు టైర్లు. తిన్నగా, అడ్డంగా ఉండే హేండిలు. వెనక చక్రం దగ్గర పళ్ళచక్రాలు ఒకటి కాదు, ఆరో ఏడో. కుర్రాళ్ళు వీటిని మౌంటెన్ బైకు అంటారు. మౌంటెన్ అంటే కొండ. పెద్దవాళ్ళు మాత్రం గేర్ల సైకిలు అని ఊరుకుంటారు.

కొండ లేని చోట కొండ సైకిలు ఎందుకు? నవ్వొచ్చే ప్రశ్నే. కాని దీనికి జవాబు ఉంది. ఆ జవాబు కాలువ గట్టు మీద ఉంది.

ముందు ఈ సైకిలు ఎక్కడ పుట్టిందో చూద్దాం. అమెరికా దేశంలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ టమల్‌పైస్ అనే కొండ ఉంది. 1970 తర్వాతి సంవత్సరాల్లో కొందరు కుర్రాళ్ళు పాత సైకిళ్ళు తెచ్చుకున్నారు. లావు టైర్లున్న సైకిళ్ళు. ఆ చుట్టుపక్కల కొండల మీద నుంచి మట్టి దారిలో కిందికి పందెం వేసుకుని దిగేవారు. ఆ సైకిళ్ళకి బ్రేకు వెనక చక్రం ఇరుసులో ఉండేది. కిందికి దిగేసరికి ఇరుసు కాలిపోయేది. లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరుకోవాలి. అలా పడుతూ లేస్తూ, మట్టి దారికి తగిన సైకిలు తయారు చేసుకున్నారు. 1996లో అట్లాంటా ఊళ్ళో ఒలింపిక్ ఆటలు జరిగాయి. కొండ సైకిలు పందెం ఒలింపిక్ ఆటల్లో పెట్టటం అదే మొదలు. మగవాళ్ళకి ఒక పందెం, ఆడవాళ్ళకి ఒక పందెం. ఆడవాళ్ళ పందెంలో ఇటలీ దేశపు పావోలా పెజ్జో గెలిచింది.

సరే, అది పందెం. ఇక్కడి పని వేరు. ఇక్కడ పాల కేంద్రానికి పోవాలి. పొదుపు సంఘం మీటింగుకి పోవాలి. బ్యాంకుకి పోవాలి. పక్క ఊళ్ళో నాట్లకి పోవాలి. పిల్ల హైస్కూలుకి పోవాలి.

గట్టు ఎలా వచ్చింది?

1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద ఆనకట్ట కట్టటం మొదలుపెట్టారు. 1852లో అది పూర్తయింది. దగ్గరుండి కట్టించింది ఆర్థర్ కాటన్ దొర. ఆనకట్ట దగ్గర నుంచి డెల్టా అంతటికీ కాలువలు తవ్వారు. తవ్విన మట్టి ఏం చెయ్యాలి? కాలువకి రెండు పక్కలా పోశారు. అదే గట్టు. తూర్పు డెల్టాలో ఉన్న మండపేట కాలువకి కూడా గట్లు అలా వచ్చినవే.

అప్పట్లో కాలువల్లో పడవలు నడిచేవి. ధాన్యం పడవ మీదే. ఉప్పు పడవ మీదే. పెళ్ళివారు కూడా పడవ మీదే. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టేవారు. మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవారు. లాగేవాళ్ళకి కాలు పెట్టే చోటు కావాలి కదా! అందుకే గట్టు మీద బాట ఉంచారు. తర్వాత లారీలు వచ్చాయి, పడవలు పోయాయి. బాట మిగిలింది. కొన్ని చోట్ల దాని మీద తారు పడింది. కొన్ని చోట్ల సిమెంటు పడింది. మిగిలిన చోట్ల ఇంకా మట్టే.

2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. చాలా మంచిదే. కాని బస్సు పెద్ద రోడ్డు మీదే పోతుంది. మట్టి గట్టు మీదికి రాదు. చేల మధ్య ఉన్న పేటకి రాదు. బస్సు దిగిన చోటు నుంచి ఇంటికి రెండు కిలోమీటర్లు ఉంటే, ఆ రెండూ నడవాలి. లేదా ఆటో కోసం చూడాలి. లేదా అన్నో, మొగుడో, కొడుకో బండి మీద వచ్చి తీసుకెళ్ళాలి. వాళ్ళకి తీరినప్పుడే పని. తీరకపోతే ఆ రోజు పని లేదు.

అక్కడే సైకిలు సంగతి వస్తుంది.

ఎటు వెళ్ళొచ్చు?

మండపేట నుంచి ద్వారపూడి వైపు దారి చూడండి. పక్కనే కాలువ తోడు వస్తుంది. కొంచెం దూరం పోగానే తాపేశ్వరం. కాజాలకి పేరుపడ్డ ఊరు. పాకం కాగే వాసన రోడ్డు మీదికే వస్తుంది. అక్కడి నుంచి ఇంకా ముందుకి పోతే ద్వారపూడి. రైలు స్టేషను ఉంది. బట్టల మార్కెట్టు ఉంది. అయ్యప్ప గుడి ఉంది. చీరలు టోకున కొనుక్కుని ఊళ్ళో అమ్ముకునే ఆడవాళ్ళకి ఇది తెలిసిన చోటే. సైకిలు వెనక క్యారేజి మీద ఒక మూట కట్టుకోవచ్చు. ఇదంతా చదును దారి. కొత్తగా నేర్చినవాళ్ళకి కూడా కష్టం ఉండదు. కష్టమల్లా లారీలతోనే. ఈ చుట్టుపక్కల బియ్యం మిల్లులు ఎక్కువ. కోళ్ళ ఫారాలు ఎక్కువ. ధాన్యం లారీలు, గుడ్ల వ్యానులు తెల్లవారుజాము నుంచీ తిరుగుతాయి. అందుకని గట్టుకి రెండో పక్కన బాట బాగున్న చోట, అటే పోవటం మేలు. దూరం కొంచెం పెరిగినా ప్రాణం హాయిగా ఉంటుంది.

ఉత్తరం వైపు రాయవరం మీదుగా బిక్కవోలు వెళ్ళొచ్చు. బిక్కవోలులో వెయ్యేళ్ళ నాటి గుళ్ళు ఉన్నాయి. చాళుక్య రాజుల కాలం నాటివి. కొన్ని చేల మధ్యే నిలబడి ఉన్నాయి. తూర్పు వైపు రామచంద్రపురం, అది దాటితే ద్రాక్షారామం. భీమేశ్వర స్వామి గుడి పంచారామాల్లో ఒకటి. అయితే ఇది పెద్ద రోడ్డు, బస్సులు ఎక్కువ. కార్తీకమాసంలో సైకిలుతో పోకపోవటమే మంచిది.

అన్నిటికన్నా అందమైన దారి ఏటిగట్టు. కాలువ గట్టు వేరు, ఏటిగట్టు వేరు. గోదావరి వరద ఊళ్ళ మీద పడకుండా నది పక్కన పోసిన పెద్ద గట్టు ఇది. మండపేట నుంచి ఆలమూరు మీదుగా జొన్నాడ పోతే గౌతమీ గోదావరి కనపడుతుంది. అక్కడ నుంచి దిగువకి ఏటిగట్టు పట్టుకుంటే కపిలేశ్వరపురం, ఇంకా కిందికి పోతే కోటిపల్లి. గట్టుకి ఒక పక్క నది, లంకలు. లంకల్లో అరటి, కూరగాయలు. ఇంకో పక్క పల్లంలో ఊళ్ళు. గట్టు మీద నిలబడితే ఇళ్ళ కప్పులు కాళ్ళ కిందికి వస్తాయి. నది ఎక్కడుందో, మన ఇల్లు ఎక్కడుందో అప్పుడు అర్థమవుతుంది. 1986 ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. గట్లు తెగాయి. 2022 జులైలో వచ్చిన వరదకి లంక ఊళ్ళు మళ్ళీ నీళ్ళలో మునిగాయి. ఆ రోజుల్లో జనం, గొడ్లు, సామాను అంతా ఏటిగట్టు మీదికే చేరుతుంది. వరద రోజుల్లో గట్టు మీద సైకిలు తొక్కకూడదు. గట్టు కాపలా వాళ్ళకీ, ఇసక బస్తాలకీ దారి వదలాలి.

ఈ ఏటిగట్టు ఎక్కేటప్పుడే కొండ సైకిలు గొప్ప తెలుస్తుంది. గట్టు ఎక్కే దారి నిటారుగా ఉంటుంది. మామూలు సైకిలు అయితే దిగి నెట్టుకోవాలి. గేర్ల సైకిలు అయితే చిన్న గేరులో వేసి కూర్చునే ఎక్కొచ్చు. గేరు అంటే ఏమిటి? బస్తా ధాన్యం ఒక్కసారే నెత్తి మీద పెట్టుకుంటే మెడ విరుగుతుంది. అదే తట్టలతో మోస్తే పదిసార్లు తిరగాలి, కాని మోయగలం. చిన్న గేరు అంటే తట్ట. కాళ్ళు ఎక్కువసార్లు తిప్పాలి. ఒక్కొక్కసారికీ బలం తక్కువ పడుతుంది. పెద్ద గేరు అంటే బస్తా. చదును నేల మీద, గాలి వెనక నుంచి ఉన్నప్పుడు దాంట్లో వెయ్యాలి. లావు టైరు ఎందుకంటే, ఇసకలో కూరుకుపోదు, గుంటలో పడినా నడుము అదరదు.

అంతమాత్రాన ఆడవాళ్ళు పనికి పోవటానికి కొండ సైకిలు కొనాలని లేదు. నిజం చెప్పాలంటే చాలామందికి అది దండగ. దానికి తరచుగా క్యారేజి ఉండదు. చైను కవరు ఉండదు. చీర కట్టుకుని ఎక్కితే కుచ్చెళ్ళు చైనులో పడతాయి. మామూలు లేడీస్ సైకిలుకి చైను కవరు ఉంటుంది. వెనక చక్రానికి వల వేయించుకోవచ్చు. ముందు బుట్ట తగిలించుకోవచ్చు. బాగు చెయ్యటం ప్రతి ఊరి పంచరు కొట్టువాడికీ వచ్చు. గేర్లు పాడైతే మాత్రం టౌనుకే పోవాలి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. పలక మీద వేసి చూసుకోవచ్చు. మనిషి గంటకి 4 లేక 5 కిలోమీటర్లు నడుస్తాడు. సైకిలు మీద గంటకి 12 కిలోమీటర్లు తేలిగ్గా పోవచ్చు. పని చోటు 6 కిలోమీటర్లు ఉందనుకోండి. నడిస్తే సుమారు గంటంపావు. సైకిలు మీద అరగంట. పోను రాను కలిపి రోజుకి గంటన్నర మిగులుతుంది. ఆటోకి పోవటానికి 20 రూపాయలు, రావటానికి 20 రూపాయలు అనుకుందాం. నెలకి 25 రోజులు పని. 40ని 25తో హెచ్చవేస్తే 1,000 రూపాయలు. ఏడాదికి 12,000. ఆ డబ్బుతో ఏ సైకిలు వస్తుందో కొట్లో అడిగితే తెలుస్తుంది.

పుదుక్కోట ఆడవాళ్ళు

తమిళనాడులో పుదుక్కోట అనే జిల్లా ఉంది. అక్కడ 1991లో చదువు ఉద్యమం మొదలైంది. దాని పేరు అరివొళి ఇయక్కం. అంటే జ్ఞానపు వెలుగు ఉద్యమం. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ. రాత్రి బడికి పోవాలంటే, చదువు చెప్పేవాళ్ళు ఊరూరూ తిరగాలంటే, నడక ఒక్కటే దారి. ఆడవాళ్ళకి సైకిలు నేర్పితే ఏం? అని ఆవిడ అడిగారు. చదువుతోపాటు సైకిలు నేర్పటం కూడా ఉద్యమంలో పనిగా పెట్టారు. బ్యాంకులు ఆడవాళ్ళకి సైకిలు అప్పు ఇచ్చేలా చేశారు.

మొదట్లో బాగా వెక్కిరించారు. అడ్డమైన మాటలూ అన్నారు. అయినా ఆగలేదు. పొలం పనివాళ్ళు నేర్చారు. రాతి క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు నేర్చారు. నర్సులు, బాలవాడీ టీచర్లు నేర్చారు. 1992లో ఊళ్ళలో పెట్టిన సైకిలు పోటీల్లో 70 వేలమందికి పైగా ఆడవాళ్ళు తొక్కి చూపించారు. ఆ సంగతులు పత్రికల్లో రాసిన పి. సాయినాథ్ ఒక తమాషా విషయం చెప్పారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క చాలామంది మగవాళ్ళ సైకిళ్ళే కొన్నారట. కొన్నాక అవే బాగున్నాయన్నారట. ఎందుకంటే సీటుకీ హేండిలుకీ మధ్య ఇనప బద్దీ ఉంటుంది. దాని మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు!

బీహారులో 2006లో ఇంకో పని చేశారు. తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోమని ప్రభుత్వం 2,000 రూపాయలు ఇచ్చింది. తర్వాత కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్క తీశారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు సుమారు మూడో వంతు పెరిగారు. బడి 3 కిలోమీటర్లకన్నా దూరం ఉన్న ఊళ్ళలో మేలు ఎక్కువ కనపడింది. అంటే ఆ పిల్లలు చదువు మీద ఇష్టం లేక మానలేదు. దారి దూరమై మానేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా బడికొస్తా అనే పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. ఆ సైకిళ్ళలో కొన్ని ఇప్పుడు అరుగు మీద తుప్పు పట్టి ఉంటాయి. పిల్ల పెళ్ళై వెళ్ళిపోయింది. తల్లి ఇంట్లోనే ఉంది. గాలి కొట్టించి, చైనుకి నూనె వేస్తే అవి మళ్ళీ తిరుగుతాయి.

"కోడలు సైకిలెక్కితే ఊళ్ళో ఏమనుకుంటారే?" అనే మాట డెల్టాలో కూడా వినపడుతుంది.

"అనుకునేవాళ్ళు మనకి ఆటో డబ్బులు ఇస్తారా అత్తయ్యా?" అనే జవాబు కూడా వినపడుతుంది.

నేర్చుకునేదెలా?

గట్టు మీద మాత్రం నేర్చుకోకూడదు. ఈ ఒక్కటీ గుర్తు పెట్టుకోవాలి. కాలువ నిండుగా ఉన్నప్పుడు అందులో పడితే ఈత రానివాళ్ళు తేలరు. చాలా చోట్ల గట్టుకి పిట్టగోడ కూడా ఉండదు. ఖాళీ కళ్ళంలోనో, సెలవు రోజున బడి ఆవరణలోనో నేర్చుకోవాలి.

ముందు సీటు బాగా కిందికి దించుకోవాలి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. మొదటి రోజు పెడలు తొక్కొద్దు. కాళ్ళతో నేలని తన్నుతూ సైకిలుని దొర్లించాలి. నాలుగు గజాలు కాళ్ళు పైకెత్తి పోగలిగితే సగం వచ్చినట్టే. చూపు చక్రం మీద కాదు, ముందు పది గజాల దూరంలో ఉండాలి. గుంట వైపు చూస్తే సైకిలు గుంటలోకే పోతుంది. ఎందుకో గాని అలాగే పోతుంది. వెనక ఒకరు క్యారేజి పట్టుకుని నడవాలి. పట్టుకున్నామని చెబుతూనే మెల్లగా వదిలెయ్యాలి. బ్రేకు వెనకది ముందు నొక్కాలి, తర్వాత ముందుది. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే సైకిలు తలకిందులవుతుంది. చీర అయితే కుచ్చెళ్ళు పైకి దోపి, కొంగు నడుముకి చుట్టి బిగించాలి. పంజాబీ డ్రస్సు అయితే చున్నీ ముడి వెయ్యాలి. పడతారు. మోచెయ్యి దోక్కుంటుంది. వారం పది రోజుల్లో చాలామందికి వచ్చేస్తుంది. నలభై దాటినవాళ్ళకి ఇంకో వారం పట్టొచ్చు.

బాగా వచ్చాకే గట్టు ఎక్కాలి. ఎదురుగా ట్రాక్టరో లారీయో వస్తే పట్టుదలకి పోకూడదు. దిగి, చేల వైపు నిలబడాలి. కాలువ వైపు దిగకూడదు. గట్టు అంచు నీటికి కోసుకుపోయి లోపల బోలుగా ఉంటుంది. పైకి గడ్డి ఉంటుంది కాబట్టి తెలియదు. కోతల రోజుల్లో రోడ్డు మీద వడ్లు ఎండబోస్తారు. వడ్ల మీద చక్రం జారుతుంది. దిగి నడిపించుకోవాలి. గడ్డి పరిచిన చోటా అంతే. పిల్లని వెనక క్యారేజి మీద కూర్చోబెడితే పాదాలు చక్రం పుల్లల్లో పడతాయి. వల వేయించాకే ఎక్కించాలి. చీకటి పడితే గట్టు దారి వద్దు. తప్పకపోతే టార్చిలైటు ఉండాలి.

దారి తెలియకపోతే ఎవరినో అడగాలి అని భయపడేవాళ్ళు ఉంటారు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు ఉంటాయి. రాయి పైభాగం రంగు చూడండి. పసుపు రంగు ఉంటే అది జాతీయ రహదారి. జొన్నాడ దగ్గర దాటేది అదే. ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి. నారింజ రంగు ఉంటే పల్లె రోడ్డు. కింద ఊరి పేరు, దాని కింద అంకె. ఆ అంకె అంటే ఇంకా అన్ని కిలోమీటర్లు ఉందని. ఒక రాయి దగ్గర 5 ఉండి, తర్వాతి రాయి దగ్గర 4 ఉంటే సరైన దారినే పోతున్నట్టు. 6 ఉంటే వెనక్కి తిరగాలి.

కోటిపల్లి చేరాక నది అడ్డం వస్తుంది. అక్కడ నుంచి అవతలి ఒడ్డున ముక్తేశ్వరానికి పంటు మీద దాటతారు. సైకిలు కూడా పంటు ఎక్కుతుంది. వరద వస్తే పంటు ఆపేస్తారు.

ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. నీళ్ళు లేని ఆ రోజులు గట్టు దారికి మంచివి. ఎండ ముదరకముందే, పొద్దున్నే పోయి రావాలి. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. తొలకరి వానలు పడతాయి. ఇక్కడిది ఒండ్రు మట్టి. తడిస్తే బంకలా అంటుకుంటుంది. మడ్‌గార్డుకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని సైకిలుని కదలనివ్వదు. అప్పుడు తొక్కితే చైను తెగుతుంది. దిగి, ఒక పుల్లతో మట్టి గీకి, మెల్లగా నెట్టుకుపోవాలి. గట్టు గట్టిపడేదాకా కొన్నాళ్ళు చుట్టు అయినా తారు రోడ్డు మీదే పోవాలి.